రాతితీరములు – తైలవర్ణములు

తిరుత్తణి కొండమీద నిలిచి తూర్పుదిక్కు చూచినయెడల పొలములు, చెఱువులు, తాటితోపులు కనుచూపు మేరవరకు కానవచ్చును. సముద్రము మాత్రము కానరాదు. మన పెద్దలు ప్రళయకావేరి యని పిలిచిన పులికాటు తీరమున నిలిచి పడమర చూచినయెడల ఇసుకయు, ఉప్పునీటి సరస్సును, సరుగుడుతోపులును కానవచ్చును. కొండరాయి మాత్రము కానరాదు. తిరువళ్ళూరు జిల్లాకు పడమటి కొనను శిలయు, తూర్పు కొనను కడలియు నున్నవి. కుశస్థలి, ఆరణి నదులు పారెడి మైదానము ఆ రెండింటిని విడదీయుచున్నది.

శిలయు కడలియు నొకదానినొకటి తాకు చోటు చిత్రకారులకు మిక్కిలి ప్రియమైనది. కదలనిదానిని, నిలువనిదానిని ఒకే గుడ్డపై చూపవలసి వచ్చుటయే ఆ ప్రీతికి కారణము. మనకు దక్షిణముగా మామల్లపురమునందును, మిక్కిలి యుత్తరముగా విశాఖపట్టణమునందును అట్టి చోటులున్నవి. ఆ తీరములను నూనెరంగులతో చిత్రించు విద్య ఈ దేశమునకు ఎట్లు వచ్చినది, మనవారి చేతికి ఎట్లు చిక్కినది, దానివలన తమిళదేశమున స్థిరపడిన మనబోటి తెలుగు కుటుంబములకు ఏమి ప్రయోజనము అను మూడు విషయములను ఈ వ్యాసమున విన్నవింపదలచితిమి.

నూనెరంగు స్వభావము

మన పూర్వులకు చిత్రలేఖనము కొత్త కాదు. వారు సున్నపు గోడలపైని, తాటాకులపైని, చెక్కపైని, గుడ్డపైని చిత్రించిరి. మనకు పొరుగున నున్న శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు కరక్కాయతో పదునుచేసిన గుడ్డపై, ఇనుపముక్కలను బెల్లపునీటిలో ఊరవేసి తీసిన నల్లరంగుతో గీతలు గీయుదురు. ఆ కళయందు గీతయే ప్రధానము. వృక్షమైనను, సముద్రమైనను గీతచే చుట్టబడి నిలుచును. అలలు వరుసగా వంపు తిరిగిన గీతలు. కొండలు ఒకదానిపై నొకటి పేర్చిన మూపురములు. చూచువాడు వానిని గుర్తించును. అంతకు మించి ఆ కళ కోరదు.

నూనెరంగు త్రోవ వేరు. రంగుపొడిని అవిసెనూనెతో నూరి, బిగించిన గుడ్డపై పూయుదురు. నీటిరంగు నీరావిరియైనంతనే ఆరిపోవును. అవిసెనూనె అట్లు ఆవిరికాదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లమెల్లగా గట్టిపడును. పైపూత ఆరుటకు దినములు పట్టును; లోపలి పొరలు గట్టిపడుటకు మాసములు పట్టును. ఈ ఆలస్యమే చిత్రకారునకు వరము. ఒక రంగును వేఱొక రంగులోనికి మెత్తగా కలుపవచ్చును. నచ్చని భాగమును గీకివేయవచ్చును. మందముగా పూసి రాతి గరుకుతనమును చేతికి తగులునట్లు చేయవచ్చును. పలుచని పూత క్రిందను, నూనె హెచ్చుగా గల చిక్కని పూత పైనను ఉండవలెనని ఈ విద్యలో నియమము. అది తప్పినచో పైపొర ముందుగా నారి, అడుగుపొర పిదప కదలి, చిత్రము పగుళ్ళు వాఱును.

రంగులు మోయుటయు పూర్వము కష్టమే. నూరిన రంగును పంది మూత్రాశయపు తిత్తులలో కట్టి యుంచెడివారు. 1841లో జాన్ గాఫ్ రాండ్ అను అమెరికా చిత్రకారుడు తగరపు గొట్టములలో రంగును నింపు పద్ధతిని కనిపెట్టెను. అప్పటినుండి చిత్రకారుడు పెట్టె చేతబట్టి బయలుదేరి, సముద్రపు గట్టున కూర్చుండి నూనెరంగులతో పనిచేయుట సులభమయ్యెను. అంతకు ముందు తీరమున పెన్సిలుతోనో నీటిరంగుతోనో గుర్తులు వ్రాసికొని, ఇంటికి పోయి నూనెచిత్రము వేయుటయే సామాన్యాచారము.

ఓడలలో వచ్చిన చూపు

మన తీరమును యూరపువారు మొట్టమొదట చూచినది ఓడమీదనుండి. ఓడ నడుపువానికి తీరము సౌందర్యవస్తువు కాదు, గుర్తు. తిరుత్తణికి చేరువనున్న నగరి కొండలలో ముక్కువలె ముందుకు పొడుచుకొని వచ్చిన శిఖరమొకటి కలదు. ఎత్తు సుమారు 855 మీటర్లు. ఆంగ్లేయులు దానిని ‘నగరి నోస్’ అనిరి. సముద్రముపై పోవు నావికులు దూరమునుండి దానిని చూచి తామెచ్చట నున్నది తెలిసికొనెడివారు. విశాఖపట్టణమున సముద్రములోనికి చొచ్చుకొనిన కొండకు సయితము ‘డాల్ఫిన్ నోస్’ అని పేరు. ఒకటి తీరమునకు దూరముగా, ఒకటి తీరమునందే. రెండును నావికుని కంటికి ముక్కులే యయ్యెను. మన పల్లెలవారు కొండను దేవుని నివాసముగా చూచిరి. ఓడలవారు దానిని దారిచూపు కంబముగా చూచిరి.

ఇట్లు గుర్తుగా చూచుటనుండి చిత్రముగా చూచుటకు ఒక అడుగు మాత్రమే కలదు. ఆ యడుగు వేసినవారిలో విలియం హాడ్జెస్ ముఖ్యుడు. ఆయన కెప్టెన్ కుక్కు చేసిన రెండవ సముద్రయాత్రలో, 1772 నుండి 1775 వరకు, చిత్రకారుడుగా పోయెను. 1772లో గుడ్ హోప్ అగ్రమును ఓడమీదనుండియే చూచుచు నూనెరంగులతో చిత్రించెను. కొండపై మబ్బులు విఱుగుటయు, వాననీడ నీటిమీద పరచుకొనుటయు అందు ప్రత్యక్షముగా చూచి వ్రాసినవి.

ఇట్టి కన్ను గల చిత్రకారుడు 1780లో చెన్నపట్టణమునకు వచ్చెను. మన ప్రాంతపు దురదృష్టమేమనగా, ఆ సంవత్సరమే హైదరాలీ సేనలు కర్ణాటకముపై విరుచుకొని పడెను. సెప్టెంబరు 10వ తేదీన కాంచీపురమునకు చేరువను పొల్లిలూరువద్ద ఆంగ్లసేన ఘోరముగా ఓడెను. పట్టణమువెలుపలికి పోవుటయే ప్రమాదమయ్యెను. హాడ్జెస్ లోపలి ప్రాంతములను చూడలేక, 1781లో బెంగాలు చేరెను. ఆ సంవత్సరము ఆగస్టులో తిరువళ్ళూరు దగ్గఱి తిరుప్పాచూరు కోటను ఐర్ కూట్ పట్టుకొనెను; సెప్టెంబరులో షోలింగరువద్ద మఱియొక యుద్ధము జరిగెను. అనగా నేడు మన కుటుంబములు వసించు ఊళ్ళమీదుగానే ఆ సేనలు నడచినవి. ప్రకృతిదృశ్యములను వ్రాయ నేర్చిన యొక గొప్ప చేయి మన వాకిటివరకు వచ్చి, యుద్ధమువలన వెనుదిరిగినది.

పండ్రెండేండ్లకు పిమ్మట 1792లో థామస్ డానియెల్, ఆయన అన్నకుమారుడు విలియం డానియెల్ చెన్నపట్టణమున దిగిరి. టిప్పు సుల్తానుతో మూడవ మైసూరు యుద్ధము అప్పుడే ముగిసినందున మార్గములు తెఱచుకొని యుండెను. వారు దక్షిణదేశమున తిరిగి, కొండకోటలను, దేవాలయములను, మామల్లపురపు శిల్పశిలలను చిత్రించిరి. దృశ్యము అద్దముపై పడునట్లు చేయు చీకటిపెట్టెను సాయముగా గొని రూపురేఖలు తీసికొనుట వారి పద్ధతి. స్వదేశము చేరిన పిదప 1795 నుండి 1808 వరకు 144 చిత్రములను రాగిరేకులపై చెక్కి, అచ్చొత్తి, రంగులద్ది ప్రకటించిరి. థామస్ ఆ గుర్తులను బట్టియే నూనెచిత్రములను వ్రాసి లండను రాయల్ అకాడమీలో ప్రదర్శించెను.

విలియం సంగతి మఱియు ముచ్చటైనది. పదునాఱేండ్ల ప్రాయమున పినతండ్రి వెంట ఇంగ్లండు విడిచిన ఆ బాలుడు, పెద్దవాడైన తరువాత 1814 నుండి 1825 వరకు తన దేశపు సముద్రతీరమంతయు తిరిగి 308 చిత్రములు గల గ్రంథమును ప్రకటించెను. బ్రిటను తీరపు కఱకురాళ్ళను ఆయన చూపిన తీరును నేటికిని ఎల్లరు మెచ్చుచున్నారు. ఆ చేయి ప్రాయమునందు సాధన చేసినది మన దేశమున. ఆ సాధనకు విషయమైన వానిలో చోళమండలతీరపు రాళ్ళును ఉన్నవి.

ఐనను ఒక మాట చెప్పక తప్పదు. వారి చిత్రములలో శిల గంభీరముగా నుండును, శిథిలాలయము మనోహరముగా నుండును, మనుష్యుడు మాత్రము శిల యెంత పెద్దదో తెలుపుటకు పెట్టిన కొలబద్దవలె మూలను చిన్నగా నుండును. తెప్ప లాగు పట్టపువాని ముఖము ఆ చిత్రములలో కానరాదు. పరాయివాని ప్రతిభ యెంతటిదైనను, ఆ చూపునకు హద్దు అంతవరకే.

మూసిన తలుపుల వెనుక

నూనెరంగుల విద్య మనవారి చేతికి వచ్చిన కథ ఒక్క త్రోవను నడువలేదు. తిరువాన్కూరున స్వాతి తిరునాళ్ మహారాజు 1829 నుండి 1846 వరకు రాజ్యము చేసెను. ఆయన ఆస్థానమున మధురనుండి వచ్చిన అళగిరి నాయుడు అను చిత్రకారుడు మన్నన పొందెను. ‘నాయుడు’ అను మాటను మన పాఠకులకు వివరింప బనిలేదు. కిళిమానూరు రాజకుటుంబమున రవివర్మకు మేనమామయైన రాజరాజవర్మ ఆయనయొద్దనే చిత్రలేఖనము నేర్చెను. ఆ మేనమామయే రవివర్మకు తొలి గురువు.

పిదప ఆ యాస్థానమున నూనెరంగుల రహస్యము రామస్వామి నాయకరు చేతిలో నుండెను. బాలుడైన రవివర్మకు ఆయన దానిని నేర్పుట కొల్లక పోగా, ఆయన శిష్యుడు ఆఱుముగం పిళ్ళె చాటుగా కొంత తెలిపెనని రవివర్మ చరిత్రకారులు వ్రాసిరి. 1868లో థియోడర్ జెన్సన్ అను యూరపు చిత్రకారుడు తిరువనంతపురమునకు వచ్చినప్పుడు ఆయన సయితము నేర్పుట కిష్టపడక, తాను పనిచేయునప్పుడు చూచుటకు మాత్రము అంగీకరించెను. చూచి నేర్చిన ఆ యువకుడు 1873లో చెన్నపట్టణపు ప్రదర్శనమున బంగారు పతకము పొందెను.

రవివర్మ తమ్ముడు సి. రాజరాజవర్మకు ప్రకృతిదృశ్యములపై మక్కువ మెండు. అన్న చిత్రములలో వెనుకభాగమున కానవచ్చు కొండలు, నీళ్ళు, ఆకాశములలో అతని చేయి కలదు. ఆయన ఆంగ్లమున వ్రాసిన దినచర్య 2005లో గ్రంథరూపమున వెలువడినది. ఎండ యెట్లున్నది, మబ్బు యెట్లున్నది, ఏ దృశ్యము చిత్రమునకు తగును అని గమనించెడి మనస్సు అందు తెలియుచున్నది. ఆయన 1905లోను, అన్నగారు 1906లోను దివంగతులైరి.

రవివర్మ వ్రాసిన వానిలో మన విషయమునకు మిక్కిలి దగ్గఱియైనది సముద్రునిపై శ్రీరాముడు కోపించు చిత్రము. దారి యీయని కడలిముందు రాముడు తీరశిలపై నిలిచి విల్లు పూనియుండును. క్రింద అలలు రాతిని మోదుకొని చిమ్ముచుండును. కలంకారీ పనివాడు ఇదే కథను వ్రాసినయెడల సముద్రమునకు వంపుగీతలు చాలును. నూనెరంగున ఆ కడలికి బరువు వచ్చినది, తడి వచ్చినది, రాతికి అంచు వచ్చినది. పురాణకథలో తీరము తానొక పాత్రయైనది. మన యిండ్ల గోడలపై రవివర్మ అచ్చుబొమ్మలను పూజించిన పెద్దలు, తమకు తెలియకయే, ఈ క్రొత్త చూపునకు అలవాటుపడిరి.

ఒకే బల్లమీద

రహస్యమును బహిరంగము చేసినది పాఠశాల. 1850లో అలెగ్జాండర్ హంటర్ అను వైద్యుడు చెన్నపట్టణమున స్వంతముగా ఒక కళాపాఠశాలను నెలకొల్పెను. పిదప ప్రభుత్వము దానిని తన చేతిలోనికి తీసికొనెను. మొదట అది చేతిపనులకే ప్రాముఖ్యమిచ్చినది. 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌదరి దాని యధిపతియై 1957 వరకు నడిపెను. ఆయన బంగాళీ, శిల్పి, చిత్రకారుడు. ఆయన కాలమున తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ బాలురు ఒకే గదిలో కూర్చుండి, ఒకే నమూనాను చూచి బొమ్మలు వేసిరి. విజయనగర ప్రాంతమున చిత్రకళాబోధనకు పాటుపడిన అంట్యాకుల పైడిరాజు ఆ పాఠశాలయందు చదివినవారే.

రాయ్ చౌదరి చేసిన ‘శ్రమవిజయము’ అను కంచుశిల్పము 1959లో మెరీనా తీరమున నెలకొన్నది. నలుగురు కూలీలు బండరాతిని కదలించుటకు బలమంతయు వినియోగించుట అందలి విషయము. చెన్నపట్టణపు తీరమంతయు ఇసుక. అక్కడ స్వభావసిద్ధమైన శిల లేదు. లేని శిలను శిల్పి తెచ్చి కడలి యొడ్డున నిలిపెను. అంతియేకాక డానియెల్లుల చిత్రములందు మూలను చిన్నగా నిలిచిన మనుష్యుడు ఇందు శిలకు సమానుడైనాడు.

ఆయన తరువాత 1957లో అధిపతియైన కె. సి. ఎస్. పణికర్ యౌవనమున కేరళపు నీటితీరములను, కొబ్బరితోటలను చిత్రించి పేరుగాంచినవాడు. 1966లో ఆయన ప్రోత్సాహమున కళాకారులు నగరమునకు దక్షిణముగా ఇంజంబాక్కమువద్ద సముద్రపు గట్టున స్థలము కొని చోళమండలము అను కళాకారగ్రామమును కట్టుకొనిరి. బట్టలపై మైనపు అద్దకము మొదలైన చేతిపనులు చేసి అమ్ముకొని, ఆ ధనముతో తమ చిత్రకళను పోషించుకొనిరి. తీరము వారికి చిత్రవిషయము మాత్రమే కాదు, నివాసము కూడ.

తెలుగు గడ్డమీద ఈ విద్య వేఱొక త్రోవను వచ్చినది. రాజమహేంద్రవరమున కళాశాలాధ్యక్షుడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు విద్యార్థులలో చిత్రకళాభిరుచిని మేల్కొలిపెను. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన శిష్యులు. రామారావు 1897లో జన్మించి, బొంబాయి జె. జె. కళాపాఠశాలయందు చదివి, 1925లో ఇరువదియెనిమిదేండ్లు నిండకయే మశూచికమువలన మరణించెను. ఆయన వ్రాసిన ప్రకృతిదృశ్యములలో తూర్పుకనుమలనడుమ గోదావరిని చూపునది ప్రసిద్ధము. అది సముద్రతీరము కాదు. ఐనను కొండయు నీరును ఒరసికొను చోటును తెలుగువాడు తన కంటితో చూచి చిత్రించిన గొప్ప యుదాహరణము గావున ఇచ్చట స్మరింపవలసియున్నది. ఆయన పేర రాజమహేంద్రవరమున చిత్రశాల నెలకొని యున్నది.

తూర్పుతీరపు వెలుగు

గోదావరికి ఉత్తరముగా పోయినకొలది తూర్పుకనుమలు సముద్రమునకు చేరువయగును. విశాఖపట్టణమునొద్ద కొండ నీటిలోనే కాలు మోపినది. భీమునిపట్టణము వఱకు గుట్టలు, రాళ్ళు, నడుమ ఎఱ్ఱమట్టి దిబ్బలు. అచ్చటి రాతికి భూగర్భశాస్త్రజ్ఞులు ఖోండులను గిరిజనుల పేరుమీదుగా ఖోండలైటు అని పేరిడిరి. ఎండకు వానకు అది చివికి ఎఱుపువాఱును. మామల్లపురపు రాయి వేఱు. చార్నొకైటు అను ఆ గట్టిరాయి బూడిదవన్నెతో, లోపల నీలిచాయతో నుండును. చివుకని జాతి గనుకనే పల్లవుల శిల్పములు ఇంతకాలము నిలిచినవి. కావున ఈ రెండు తీరములకు చిత్రకారుని రంగులపలక ఒకటి కాజాలదు. ఒకచోట జేగురును పసుపుమట్టిని హెచ్చుగా కలుపవలెను. మఱియొకచోట నీలమును కాటుకను కలుపవలెను.

పడమటిదేశపు గ్రంథములు చదివి మన తీరమును చిత్రింపబోవు విద్యార్థి మఱియొక సంగతి తెలిసికొనవలెను. మన తీరమున సూర్యుడు కడలినుండి ఉదయించును. ప్రొద్దుట గట్టుమీద కూర్చుండి సముద్రమువంక చూచినవానికి వెలుగు ఎదురుగా వచ్చును. రాయి నల్లని ముద్దగా నిలుచును, దాని యంచుమాత్రము మెఱయును, నీరు కంచుపళ్ళెమువలె కన్నులు చెదర జేయును. మధ్యాహ్నము దాటిన పిదప వెలుగు చిత్రకారుని వీపువైపునుండి పడును. అప్పుడు రాతిలోని పగులు, మడత, పాచి, గవ్వ యన్నియు విడివిడిగా తెలియును, నీరు నీలమగును. రాతిని చూపదలచినవాడు సాయంకాలము పోవలెను. వెలుగును చూపదలచినవాడు ప్రాతఃకాలము పోవలెను. రెండింటిని ఒకే చిత్రమున ఇఱికించినయెడల చూచువాని కన్ను నమ్మదు.

తడిసిన రాయి పొడిరాతికంటె నల్లగా నుండును. నురుగు ఎప్పుడును తెల్లసున్నము కాదు; ఆకాశపు రంగు అందు కొంత యుండును. అల విఱిగిన వెంటనే రాతిపైనుండి జాఱు నీటితీగలే ఆ రాతి వాలును తెలుపును. రాతిని గీతగా గీయక, వెలుగు పలకగాను నీడ పలకగాను విడదీసి కుంచెతోనో చాకుతోనో నిలుపుట ఈ విద్యయందలి కిటుకు. దినమున రెండు గంటలకు మించి వెలుగు ఒకే తీరున నిలువదు గావున, చిన్న గుడ్డపై తీరమునందే వ్రాసికొని, పెద్ద చిత్రమును ఇంటివద్ద పూర్తిచేయుట నేటికిని మంచి పద్ధతి.

సరిహద్దు కదలినప్పుడు

ఇంతకు ఈ కథతో మనకేమి అని పాఠకులు అడుగవచ్చును. మన ప్రాంతపు పరిపాలనాచరిత్రను ఒక్కమాఱు తలచుకొందము. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిది. పటాస్కరు నిర్ణయము ననుసరించి సరిహద్దులు మార్చు శాసనము 1959లో వెలువడి, 1960 ఏప్రిలు 1వ తేదీన తిరుత్తణి ప్రాంతము మద్రాసు రాష్ట్రమునకు వచ్చి చెంగల్పట్టు జిల్లాలో చేరెను. ఇండ్లు కదలలేదు, కొండ కదలలేదు. కాగితముపై గీత మాత్రము కదలినది. 1997లో ఆ పెద్ద జిల్లాను విభజించి తిరువళ్ళూరు జిల్లాను ఏర్పఱచిరి. ముప్పదియేడేండ్లు తిరుత్తణియు మామల్లపురమును ఒకే జిల్లాలో నుండి, అప్పుడు విడిపోయినవి. పులికాటు మన పాలికి మిగిలినది. ఆ సరస్సులోను పెద్దభాగము ఆంధ్రప్రదేశమునందున్నది.

తీరమును వ్రాసిన చిత్రకారుని గుడ్డమీద ఈ గీతలేవియు లేవు. నగరి శిఖరము ఏ రాష్ట్రమునందున్నదో ఆ శిఖరము చెప్పదు. మన యిండ్లలో తెలుగు మాటాడుట నిలిచియున్నను, 2006లో తమిళ బోధనా శాసనము వచ్చిన పిదప బడులలో తెలుగు చదువునకు తావు తగ్గినదని తలిదండ్రులు వగచుచున్నారు. అక్షరము తడబడిన చోట కన్ను కొంత సాయపడగలదు. మనుమడు తాత వ్రాసిన పద్యమును చదువలేకపోవచ్చును; తాత నివసించిన ఊరి చెఱువును, కొండను, రేవును చిత్రమున చూచి గుర్తింపగలడు. ఇది అక్షరమునకు బదులు కాదు. అక్షరమువద్దకు మరల చేర్చు మెట్టు కావచ్చును.

పైగా తీరమే మారిపోవుచున్నది. డానియెల్లుల కాలమున మామల్లపురపు తీరదేవాలయమునకు రక్షణగా రాతికట్ట లేదు, పిమ్మట కట్టిరి. 2004 డిసెంబరు 26వ తేదీన వచ్చిన ఉప్పెనలో ఇసుక కొట్టుకొనిపోయి, అంతకుముందు కప్పబడియున్న చెక్కడపురాళ్ళు కొన్ని బయటపడినవి. ఎన్నూరువద్ద 2001లో క్రొత్త ఓడరేవు పనిచేయ నారంభించినది. దానిచుట్టు కట్టలు వెలసి, ఇసుక కదలు తీరు మారినది. నేటి తీరము ఇరువది యేండ్లకు ఇట్లే యుండునని యెవరును చెప్పజాలరు. పాత చిత్రములు ఇట్టి విషయములలో కొలతపుస్తకములంత విలువైన సాక్ష్యములు. ఛాయాచిత్రము క్షణమును పట్టును. ఒకే చోట పదిదినములు కూర్చుండి వ్రాసినవాడు ఆ చోటి వాడుకను పట్టును. తెప్పలు ఎక్కడ లాగుదురు, వలలు ఎక్కడ ఆరవేయుదురు, నీరు ఎంతవఱకు వచ్చును అనునవి అతని గుడ్డమీద తామే వచ్చి చేరును.

మన చేతిలోని పని

కొన్ని కుటుంబములలో చెన్నపట్టణమున చదివినవారు వ్రాసిన నూనెచిత్రములు, లేదా పెద్దలు కొని తెచ్చినవి ఉండవచ్చును. అట్టి వానిని గుఱించి నాలుగు మాటలు చెప్పి ముగింతుము. సముద్రపు గాలిలోని తేమకు గుడ్డ వదులగును. వెనుక బూజు పట్టును. కావున వాన తగులు వెలుపలి గోడకు చిత్రమును తగిలింపరాదు. గోడకును చిత్రమునకును నడుమ గాలి పాఱునట్లు చిన్న చెక్కముక్క నుంచవలెను. దీపపు పొగ, అగరువత్తుల పొగ, ఎదురెండ తగులనీయరాదు. తళతళలాడునని కొబ్బరినూనె పూయుట, కిరసనాయిలుతో తుడుచుట, తడిగుడ్డతో రుద్దుట మిక్కిలి హానికరము. మెత్తని పొడికుంచెతో ధూళి దులిపిన చాలును. రంగు పెచ్చులుగా లేచుచున్నచో ముట్టక, తెలిసినవారికి చూపవలెను.

ఇక పిల్లలలో బొమ్మలు వేయువా రున్నచో వారిని సెలవుదినములలో పులికాటునకో మామల్లపురమునకో తోడ్కొని పోవుట తలిదండ్రులకు పెద్ద వ్యయము కాదు. మొదటనే నూనెరంగులు అక్కఱలేదు. పెన్సిలుతో తీరపు గీతను, రాతి నీడను గుర్తించుట అలవాటైన పిదప రంగులపెట్టె కొని యీయవచ్చును. పుస్తకములోని విదేశపు తీరమును చూచి దింపుటకంటె, వంకరగానైనను మన తీరమును చూచి వేయుట మేలు. హాడ్జెస్ చూడలేక పోయిన ఊళ్ళు మనవి. డానియెల్లులు ముఖము చూపక విడిచిన మనుష్యులు మన యిరుగుపొరుగువారు. వారిని చిత్రించు పని మిగిలియే యున్నది.

పాతదైనను, క్రొత్తదైనను, ప్రతి చిత్రమునకు వెనుక చెక్కచట్రముపై మూడు సంగతులు వ్రాయుడని మా ప్రార్థన: వ్రాసినవారి పేరు, సంవత్సరము, ఆ చోటి పేరు. గుడ్డమీద వ్రాసిన సిరా ముందువైపునకు దిగును గనుక చట్రముమీదనే వ్రాయవలెను. పులికాటు అని వ్రాసినచోట ప్రక్కన ప్రళయకావేరి అని కూడ వ్రాయుడు. ఆ మూడును తెలుగు లిపిలో నుండవలెనని వేఱుగ చెప్పనక్కఱలేదు.